పిట్టల బంతి

నీళ్ళ ట్యాంకు నిండగానే కుళాయి దానంతటదే కట్టేసుకుంటుంది కదా, ఆ గొప్ప ట్యాంకుది కాదు, లోపల తేలుతుండే ప్లాస్టిక్ బంతిది. అది ఒకే ముక్క అనుకునేవాళ్ళే లోకంలో ఎక్కువ. నిజానికి రెండు సగాలు. ఆ రెంటినీ ఒకటి చేయడమే అక్క పని.

కింది సగం గిన్నెలాంటి బిగింపులో కదలకుండా కూర్చుంటుంది. పై సగాన్ని మిషను పట్టుకుని గిర్రున తిప్పుతూ దాని మీదకు నొక్కుతుంది. రాపిడికి రెండు అంచులూ కరుగుతాయి, తిరగడం ఆగుతుంది, చల్లారేదాకా నొక్కు మాత్రం వదలదు. జిగురు లేదు, మేకు లేదు. ఏనుగు తొక్కినా ఆ అతుకు విడిపోదని అక్క చెప్పుకునేది. ఏనుగును తెచ్చి తొక్కించినవాళ్ళు లేరు కనుక ఆ మాట చెల్లుబాటైపోయింది.

సగాలు పోతపోసి పంపేది చెల్లెలు. ఊరికి ఆ చివర ఆమె షెడ్డు, ఈ చివర అక్క షెడ్డు. దుకాణాలతో మాట్లాడేదీ చెల్లెలే, అక్కకు నోటి దురుసు కాబట్టి. పై సగం మీద కిందకు వంగిన పిట్ట ఒకటి, కింది సగం మీద మెడ ఎత్తిన పిట్ట ఒకటి ఉబ్బెత్తుగా ఉండేవి. పిట్టల బంతి కావాలని అడిగి మరీ కొనేవారు. అయితే అక్క మిషను పాతది, తిరిగి తిరిగి తనకు తోచిన చోట ఆగేది. అందుకని పిట్టలు రెండూ ఒకదాన్నొకటి చూసుకోకుండా తలా ఒక దిక్కుకు తిరిగి ఉండేవి. అలిగిన మొగుడూ పెళ్ళాల్లా ఉన్నాయని దుకాణాలవాళ్ళు నవ్వుకునేవారు.

కొన్నాళ్ళుగా సగాల గంపలు తగ్గిపోయాయి. బజారు పడిపోయిందని చెల్లెలు చెప్పింది. ఇలాగే సాగితే షెడ్డుకు తాళం వేసుకోవలసిందే. అక్కకు మరో పని రాదు, నేర్చుకోవాలనీ లేదు.

ఒక మధ్యాహ్నం షెడ్డులో కారుతున్న పైపు బాగుచేయడానికి ప్లంబరు వచ్చాడు. పని అయ్యాక సంచిలోంచి కొత్త బంతి తీసి, ఈ మధ్య మీ చేతిపని బాగా కుదిరిందమ్మా అని మెచ్చుకున్నాడు. చూస్తే పిట్టలు రెండూ ముక్కూ ముక్కూ ఆనించి ఉన్నాయి. అక్క ఉబ్బిపోయింది. ఏ వందకో ఒకటి అలా కుదిరేది, కుదిరినప్పుడల్లా అది తన చేతి చలవేనని ఊరంతా చాటేది. ఆ సంబరంలో అతనికి టీ కూడా తెప్పించింది. అతను రెండోది తీశాడు. అదీ అంతే. మూడోదాన్ని చూశాక అక్క తన గ్లాసు కింద పెట్టేసింది.

కింది పిట్ట తోక కొంచెం విరిగి ఉంది. చెల్లెలి అచ్చు ఒకసారి చెయ్యి జారి పడినప్పటి నుంచీ అన్నిటికీ అదే తోక. సగాలు తమవే. అతుకు మాత్రం తనది కాదు. ఆగమన్న చోట ఆగే మిషను ఏదో వీటిని అతికించింది. అక్క ప్లంబరును అడిగి ఒక బంతి తీసుకుని, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బయలుదేరింది.

చెల్లెలు పోత యంత్రం దగ్గర ఉంది. ఆమె వెనక, రేకుల అడ్డం అవతల, ఏదో గిర్రున తిరిగి ఆగిన చప్పుడు. ఆ చప్పుడు అక్కకు కొత్త కాదు.

"ఇది ఎవరు అతికించారే?"

చెల్లెలు బంతి వంక చూడలేదు. "నేనే."

తప్పించుకోవాలనే ప్రయత్నం కూడా ఆమె చేయలేదు. పిట్టలు కలిసిన బంతులే కావాలని దుకాణాలు పట్టుబట్టాయట. కొత్త మిషను మాట ఎత్తితే అక్క నవ్వి కొట్టిపారేసిందట. అక్కకు పంపే గంపలు తగ్గించింది గానీ ఆపలేదు కదా అని కూడా అంది. ఆ మాట మిగతా అన్నిటికంటే అక్కకు ఎక్కువ మండింది.

"ఒక్కమాట చెప్పి చెయ్యొచ్చు కదే."

"చెప్తే వద్దంటావు. నువ్వు వద్దన్నాక నేనేదీ చెయ్యలేనక్కా. చిన్నప్పట్నుంచీ అంతేగా."

బజారు పడిపోయిందంటూ మొహం వేలాడేసుకుని చెల్లెలు ఎన్ని సాయంత్రాలు వచ్చి కూర్చుందో అక్కకు అప్పుడు గుర్తొచ్చింది. వచ్చినప్పుడల్లా అక్క తన దిగులు కడుపులోనే దాచుకుని, నేనున్నానుగా అంటూ వీపు నిమిరి పంపేది.

"నేను అన్నిసార్లు ధైర్యం చెప్తుంటే నీకేమనిపించేదే?"

చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ధైర్యం వచ్చేదక్కా. ఇంత మిషను పెట్టాను, నడుస్తుందో లేదోనని రోజూ భయంగా ఉండేది. నీ దగ్గరికొచ్చి పోతే తగ్గేది."

ఇది కూడా అబద్ధమే అయితే ఎంత బాగుండును అని అక్క అనుకుంది. కానీ చెల్లెలు నిజమే చెబుతోంది, అది ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. తన ఓదార్పు తీసుకెళ్ళి తన పొట్టే కొట్టింది.

అక్క బంతిని అక్కడి గంపలో పెట్టేసింది.

"రేపట్నుంచి సగాలు పంపకు."

"పంపకపోతే ఏం చేస్తావక్కా?"

"నా సంగతి నేను చూసుకుంటాను. నీకు మాత్రం భయమేస్తే నా దగ్గరికి రాకు," అని అక్క బయటికి నడిచింది.