రెక్క కింద నీళ్లు

రెండోసారీ దారం సూదిలోకి ఎక్కకపోయేసరికి హూరియా దాని కొసను తడుపుదామని నోటిదాకా తీసుకెళ్లింది. ఉపవాసం గుర్తొచ్చి ఆగి, వేళ్ల మధ్యే నలిపి సన్నం చేసింది. తెల్లవారుజాము ఫజ్ర్ నమాజు అయిపోయింది. కిటికీ అవతల ఎడారి ఊరు వార్గ్లా డాబాల మీద వెలుగు ఇంకా బూడిద రంగులోనే ఉంది.

లఖ్‌దర్ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఎడమ బూటు కట్టేసరికే ఊపిరి బరువైంది. కుడి బూటు తాడు చేతిలో పట్టుకుని కాసేపు ఊరికే చూశాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మెడ మీద ఎండకు కాలి గరుకెక్కిన చర్మం, కళ్ల కింద రెండు సంచులు, ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా. అతను లేవకపోవడానికి కారణం భార్య ఒళ్లో ఉన్న దిండు. ఎన్నో ఏళ్లుగా విమానం నడిపేటప్పుడు దాన్ని నడుము కింద పెట్టుకునే కూర్చుంటాడు. ఏటా రంజాన్‌కి ముందు ఇంట్లో పరుపుల ఉన్ని ఉతికి దువ్వేటప్పుడు హూరియా దీనిలోని ఉన్నీ దువ్వుతుంది. ఈసారి మూల చిరిగింది.

"ఇవాళేగా విచారణలో నిన్ను అడిగేది?" అంది తల ఎత్తకుండా.

"మధ్యాహ్నం. నేను దిగాక."

"ఏం చెప్తావు?"

"ఉన్నదే చెప్తాను. వాడు నిద్రపోయాడు."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. మబ్బు లేదు, గాలి లేదు, ఇంజన్లో లోపం లేదు. కళ్లు తెరుచుకున్నవాడు దిబ్బని గుద్దుకోడు."

వాడంటే రెదువాన్. చమురు బావుల క్యాంపులకు పంపు సామాన్లు మోసే చిన్న విమానాన్ని ఒక్కడే నడిపేవాడు. కిందటి వారం పట్టపగలు, రన్‌వే కనబడుతుండగా, దానికి ఇవతల ఇసుక దిబ్బలో కూలిపోయాడు. అప్పటి నుంచి రోజూ రాత్రి పరామర్శకు వచ్చినవాళ్లంతా లఖ్‌దర్ చుట్టూ చేరి అతను ఏమంటాడా అని చూసేవాళ్లు. అతను టీ గ్లాసు తిప్పుతూ అదే మాట అనేవాడు. ఆ మాట ఊరంతా తిరిగింది.

"నిన్న రెదువాన్ భార్య సలీహాకి చోర్బా సూపు ఇచ్చి వచ్చాను," అంది హూరియా. "బడిలో పిల్లలు వాళ్ల చిన్నాడితో అన్నారట, మీ నాన్న కునుకు తీస్తూ చచ్చిపోయాడంట కదా అని. వాడు ఇక బడికి వెళ్లనంటున్నాడు."

"దానికి నేనేం చెయ్యను? నేను ఎన్నేళ్లుగా ఎగురుతున్నాను? ఒక్కసారైనా కునుకు తీశానా?"

"రాత్రి చెంచా చేతిలో ఉండగానే గురక పెట్టావు. సగం కొరికిన బురాక్ చుట్ట నీ ఒళ్లో పడితే నేనే తీశాను."

"అది ఇల్లు."

"ఇల్లయితే ఒళ్లు వేరేనా?" అని ముడి వేసి, దారం కత్తెరతో తెంపి, దిండు రెండుసార్లు చరిచి అతని చేతికిచ్చింది. రెదువాన్ పోయాక అతని ప్రయాణాలు కూడా మిగిలినవాళ్ల మీదే పడ్డాయి. ఈ వారంలో లఖ్‌దర్ ఇంట్లో సరిగ్గా పడుకున్న పూట లేదు.

స్టేషన్ అధికారి జుబేర్ గదిలో, పళ్లెంలో నీళ్ల గ్లాసు సిద్ధంగా ఉంది. ఉపవాసంతో విమానం నడపకూడదని కంపెనీ నియమం. రంజాన్ నెలంతా ప్రతి పైలట్ బయల్దేరే ముందు జుబేర్ ఎదుట నీళ్లు తాగాలి.

"రండి హాజీగారూ," అన్నాడు జుబేర్. ఒకప్పుడు ఇద్దరూ ఒకే క్యాంపులో ఒకే గదిలో ఉన్నవాళ్లు. "ఈ ఎడారి మొత్తంలో పగలు నీళ్లు పోసే కొట్టు నాదొక్కటే. నరకంలో నాకో బల్ల వేసే ఉంచుతారు."

లఖ్‌దర్ నవ్వి గ్లాసు ఎత్తి నోటినిండా పోసుకున్నాడు. జుబేర్ చూశాడు, తల ఊపాడు.

"రాజధాని నుంచి ఇద్దరు వస్తున్నారు. పెద్దవాడివి, నీ మాటతో ముగిసిపోతుంది. విమానం బాగుంది, మనిషి నా ఎదుటే నీళ్లు తాగాడు. అజాగ్రత్త. ఆ ఒక్క మాట అనేసెయ్."

నోరు నిండుగా ఉన్న లఖ్‌దర్ సరేనన్నట్టు చెయ్యి ఊపి బయటికి నడిచాడు. విమానం ఎడమ రెక్క కిందికి వంగి, టైరు తట్టి చూస్తున్నట్టు నిలబడి, నీళ్లు ఇసుకలోకి ఉమ్మేశాడు. అక్కడ అందరూ చేసేదే అది. ఉపవాసమూ పోదు, నియమమూ పోదు. చుక్కలు చూస్తుండగానే ఇంకిపోయాయి.

పక్క సీటు సహపైలట్ వసీలాది. ముప్పై నిండని పిల్ల, సన్నటి మణికట్లు, బిగించి కట్టిన జుట్టు. ఆమె గ్లాసులో నీళ్లు నిజంగానే తాగుతుంది. సీసా కూడా తెచ్చుకుని, పనివాళ్లకు కనబడకుండా తల పక్కకి తిప్పి తాగుతుంది.

"మీకు కొంచెం ఇవ్వనా, సీ లఖ్‌దర్?" పెద్దవాళ్లను ఆమె గౌరవంగా 'సీ' అనే పిలుస్తుంది.

"వద్దమ్మా. అలవాటైన ఒళ్లు."

"భుజం పట్టీలు..."

"అవి కొత్తవాళ్లకి. నాకు మెడ ఒరుసుకుంటాయి." అని నడుం పట్టీ మాత్రం బిగించి, దిండు సర్దుకున్నాడు.

పొద్దున ప్రయాణం మామూలుగానే సాగింది. దక్షిణపు క్యాంపులో మాత్రం సెలవు మీద ఇళ్లకు వెళ్లాల్సిన పనివాళ్ల బస్సు ఆలస్యమైంది. రేకుల షెడ్డు నీడలో గంటలు గడిచాయి. లఖ్‌దర్ పడుకోలేదు. పడుకుంటే లేవలేనని భయం వేసింది గానీ, ఆ భయానికి పేరు పెట్టుకోలేదు. నాలుక అంగిలికి అంటుకుపోయింది. వసీలా ఒకసారి అడిగింది, "రెదువాన్ అన్న ఆ రోజు మూడోసారి ఎగిరాడట కదా?" అని.

"నేను నాలుగుసార్లు ఎగిరిన రోజులున్నాయి. అనుభవం ఉన్నవాడు నిద్రని దగ్గరికి రానివ్వడు."

ఆమె ఇసుకలో బూటు కొసతో గీత గీసింది.

తిరుగు ప్రయాణంలో ఎండ పడమటి పక్క నుంచి అతని చెంప మీద పడుతోంది. ఇంజన్ల మోత ఒకే స్థాయిలో ఉంది. దూరంగా ఉప్పు మైదానం తెల్లగా కనిపించింది. దాన్ని దాటాక కిందికి దించాలి. అతను ఎత్తు చూశాడు, వేగం చూశాడు, ఉప్పు మైదానం చూశాడు.

ఏదో గొంతు అరుస్తోంది. మనిషి గొంతు కాదు. నేల దగ్గరవుతోంది, పైకి లాగు, పైకి లాగు అని యంత్రం అరిచే అరుపు. ఎవరి విమానంలోనో అరుస్తోందనుకున్నాడు.

"సీ లఖ్‌దర్! వెనక్కి వాలండి! వెనక్కి!"

అతని ఛాతీ, విమానాన్ని నడిపే కాడి మీద పడి ఉంది. గడ్డం కింద చల్లని ఇనుము. అద్దం నిండా ఇసుక, దిబ్బల మీది ముడతలతో సహా. వసీలా ఒక చేత్తో తన వైపు కాడిని లాగుతోంది. అతని బరువు ముందు ఆ లాగుడు చాలడం లేదు. రెండో చేత్తో అతని కాలర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గుండీ తెగి ఎక్కడో తగిలింది. అతను వెనక్కి పడ్డాడు. ఇసుక అద్దంలోంచి కిందికి జారి, ఆకాశం వచ్చింది. వెనక క్యాబిన్లో ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు.

యంత్రం అరుపు ఆగింది. వసీలా రెండు చేతులతో కాడి పట్టుకుని విమానాన్ని సమంగా నిలిపింది. ఉప్పు మైదానం ఎప్పుడో వెనకబడిపోయింది. ఎదురుగా రన్‌వే, దానికి ఇవతల దిబ్బ మీద నల్లటి మచ్చ. రెదువాన్ కూలిన చోటు.

అతను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమే దించింది.

దిగుతున్న పనివాళ్లలో ఒకడు, "కెప్టెన్, ఇఫ్తార్‌కి ఇంకా టైముంది, అంత తొందరెందుకు?" అన్నాడు. మిగతావాళ్లు కొంచెం గట్టిగానే నవ్వారు.

"గాలి గుంట," అంది వసీలా. వాళ్లు వెళ్లాక గొంతు తగ్గించి, "నేను ఎవరికీ చెప్పను. మీరు రిటైరవడానికి ఇంకో ఏడాదేగా," అంది.

"వాడి పక్క సీటు ఖాళీ," అన్నాడు లఖ్‌దర్.

"ఏంటి?"

"రెదువాన్ పక్కన. కాలర్ పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు."

జుబేర్ గదిలో రాజధాని మనుషులిద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. ఒకతను కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఇంత అనుభవం ఉన్న మీరు దీన్ని అజాగ్రత్త అంటారా అని మర్యాదగా అడిగాడు. బల్ల మీద, సాయంత్రం పైలట్ కోసం కాబోలు, నీళ్ల గ్లాసు ఉంది.

లఖ్‌దర్ దాన్ని తీసుకుని నోటినిండా పోసుకున్నాడు. ఇద్దరూ చూస్తుండగా కిటికీ దగ్గరికి నడిచి, రెక్క తోసి, బయటి ఇసుకలోకి ఉమ్మేశాడు. గుండీ లేని కాలర్ పక్కకి వాలి ఉంది.

"మేం రోజూ తాగే నీళ్లు ఇవే," అన్నాడు. "వాడు నన్ను చూసే నేర్చుకున్నాడు."

జుబేర్ ముఖంలో రక్తం లేదు. "నీకు ఒంట్లో బాగోలేదు, కూర్చో ఖూయా, సోదరా."

"బాగోలేదు. ఇవాళ పైన నిద్రపోయాను. ఎంతసేపో తెలీదు. పక్క సీట్లో పిల్ల గుంజకపోతే పనివాళ్లందరితో కలిసి వాడి పక్కనే పడేవాణ్ణి. అజాగ్రత్త అంటే మనిషి చేతిలో ఉండేది, సార్. నాకు చెయ్యి ఎక్కడుందో కూడా తెలియలేదు. అలసట అని రాయండి. ఎవరెవరు ఎన్నిసార్లు ఎగిరారో ఆయన్ని అడగండి."

"ఇది రాస్తే మీరిక విమానం నడపలేరు. తెలుసు కదా?"

"తెలుసు."

కళ్లద్దాలతను జుబేర్ వైపు తిరిగి, నెల మొదటి నుంచి ఎవరెవరు ఎగిరారో చూపించమన్నాడు. జుబేర్ తాళం చెవి కోసం జేబులు తడుముకున్నాడు. లఖ్‌దర్ వైపు చూడలేదు.

బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. ఊరికి వెళ్లే బస్సు ఇంజన్ ఆన్ చేసి ఉంది. డ్రైవరు అజాన్ కోసం ఖర్జూరాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. లఖ్‌దర్‌కి సలీహా ఇల్లు దారిలోనే ఉందని గుర్తొచ్చింది. ముందు అక్కడ దిగాలి. పిల్లాడికి చెప్పాల్సిన మాట ఎలా మొదలుపెట్టాలో ఇంకా తెలియదు. హూరియా పక్కనుంటే బాగుండుననిపించింది.

వసీలా విమానం అద్దం వెనక నిలబడి దిండు ఎత్తి చూపించింది, తేనా అన్నట్టు. అతను తల అడ్డంగా ఊపి చేత్తో కిందికి చూపించాడు, అక్కడే ఉంచు అన్నట్టు. ఆమె కాసేపు అలాగే పట్టుకుని, దాన్ని ఎడమ సీట్లో పెట్టి దిగిపోయింది.

బస్సు కదిలింది. ఎడమ సీట్లో దిండు, మధ్యలో నడుము లోతుగా చేసిన గుంటతో, మూలన పొద్దున కుట్టిన కొత్త దారం తెల్లగా, అలాగే ఉంది.