పేర్లు రాయని డబ్బాలు

ఆ ఇంట్లో వంటగది అర మీద పద్నాలుగు డబ్బాలు ఉండేవి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, ఒకే వెండి రంగు. తేయాకు కంపెనీలో నమూనాలు దాచే డబ్బాలవి. పాతబడ్డవాటిని ఆయన ఇంటికి తెచ్చుకుని ఉప్పూ చక్కెరా మసాలా పొడులూ పోసుకున్నాడు. ఒక్కదాని మీదా పేరు రాసి లేదు. ఏది ఏదో ఎలా తెలుస్తుందని ఎవరైనా అడిగితే వేలితో ముక్కు తట్టి చూపించేవాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లు తేయాకు రుచి చూడటమే ఆయన ఉద్యోగం. పొడవాటి బల్ల మీద తెల్ల పింగాణీ కప్పులు వరసగా పెట్టేవారు. ఆయన చెంచాడు తీసుకుని జుర్రుమని చప్పుడయ్యేలా పీల్చి, నోట్లో ఒకసారి తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మి, ఒక మాట చెప్పేవాడు. "పొగ తగిలింది." "వానలో కోశారు." ఆ ఒక్క మాట కోసం పదిమంది ఊపిరి బిగబట్టి నిలబడేవారు. కంపెనీలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. ముందు ముక్కుగారు, వెనక ముక్కాయన.

రెండేళ్ల కిందట వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, పోతూ పోతూ వాసనలన్నిటినీ పట్టుకుపోయింది. నాలుకకి ఉప్పూ పులుపూ తీపీ చేదూ తెలిసేవి. కారం మండేది. అంతే. తక్కినదంతా ముక్కు చేసే పనేనని ఆయనకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులని వంక పెట్టి ఉద్యోగం మానేశాడు. వీడ్కోలు సభలో మేనేజరు, "మీరు వెళితే వెళ్లండి గానీ ఆ ముక్కు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లండి" అని అందర్నీ నవ్వించాడు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే లేచి ఒక డబ్బా మూత తీసి, పక్కింటి మాటలకి గోడకి చెవి ఆనించినవాడిలా ముక్కు ఆనించేవాడు. ఏమీ వినిపించేది కాదు. అన్నం సహించకపోతుందని ఆయన ముందే ఊహించాడు. ఊహించనిది ఇంకొకటి ఉంది. తన దిండుకి తన వాసన లేదు. తొడుక్కున్న చొక్కాకి లేదు. గదిలో కూర్చుంటే, ఆ గదిలోకి తనింకా రానట్టు ఉండేది. ఒక్కోసారి కుర్చీలోంచి లేచి, గుమ్మం దాకా వెళ్లి మళ్లీ లోపలికి వచ్చేవాడు. అప్పుడూ వచ్చినట్టనిపించేది కాదు.

భార్య పోయి పదకొండేళ్లయింది. ఉన్నది ఒక్క కూతురు. ఊరికి అవతలి కొసన ఒక పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటుంది. రెండు నెలలకోసారి వచ్చేది, వచ్చిన దగ్గర్నుంచీ గడియారం చూసుకునేది. అలాంటిది ఒక ఆదివారం సంచి నిండా కూరగాయలతో దిగింది.

"నాన్నా, నీ ముక్కు కావాలి."

బస్టాండు ఎదురుగా ఒక కిటికీ అంత కొట్టు దొరికిందట. కళ్లజోడు, అంటే ఆమె స్నేహితురాలు, తనూ కలిసి టాకోలు అమ్ముతారట. మొక్కజొన్న పిండి రొట్టెని మడిచి కరకరలాడేలా వేయించి, మధ్యలో కూర పెట్టి ఇవ్వడం. మాంసం ఉండదు, పాలు, వెన్న, జున్ను ఏమీ ఉండవు. మొక్క నుంచి వచ్చిందే ఉంటుంది.

"ఒకసారి తిన్నవాడు బస్సు తప్పిపోయినా సరే రెండోది అడగాలి. అలా ఉందో లేదో నువ్వే చెప్పాలి" అంది.

ఆయన నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు. కానీ కూతురు అప్పటికే చీర కొంగు దోపుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ వంటగదిలో ఆయన చప్పుడు కాక ఇంకొకరి చప్పుడు వినపడి ఎన్నాళ్లయిందో. తెరిచిన నోటితో "కత్తి జాగ్రత్త" అన్నాడు.

అలా ఐదు ఆదివారాలు గడిచాయి. గుమ్మడికాయ ముక్కలతో ఒకసారి, నల్ల రాజ్మాతో ఒకసారి, పుట్టగొడుగులూ అక్రోటు పలుకులూ కలిపి ఒకసారి. జీడిపప్పు నానబెట్టి రుబ్బి మీగడలా పైన వేసేది. ఉల్లిపాయల్ని సన్నగా తరిగి నిమ్మరసంలో ఊరేసేది. ఆయన జుర్రుమని పీల్చినంత గంభీరంగా నమిలి, కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాడు. ఉప్పు, పులుపు నాలుక చెప్పేది. మెత్తనో గట్టో పళ్లు చెప్పేవి. మిగతాది కూతురి మొహం చెప్పేది. తను మొదటి ముక్క తిన్నప్పుడు ఆమె కనుబొమలు ఎటు కదిలితే ఈయన మాట అటు కదిలేది. ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె, "వచ్చే ఆదివారం వస్తా" అనేది. ఆ మాట ఆయనకి శనివారం దాకా వచ్చేది.

ఆరో ఆదివారం సంచి బల్ల మీద పెడుతూనే అంది, "ఇవాళ తేల్చేయాలి నాన్నా. సాయంత్రం కళ్లజోడుకి మాట ఇవ్వాలి. రేపు డాక్టరుకి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాలి. నువ్వు పుట్టగొడుగులదే అన్నావు కదా. అదే ఇవాళ నీ చేత్తో చెయ్యి. నేను కస్టమర్ని."

కుర్చీ లాక్కుని కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

ఆయన పుట్టగొడుగుల్ని సన్నగా కొట్టి పెనం మీద వేశాడు. ముందు అవి నీళ్లు వదిలి బుసబుసలాడాయి. నీళ్లు ఇంకేదాకా మూత పెట్టకూడదు, తొందరపడి కదపకూడదు. బుస తగ్గి చిటపటలు మొదలయ్యాక నూనె, వెల్లుల్లి, అక్రోటు పలుకులు వేశాడు. చప్పుళ్లతో వంట చేయడం ఆయనకి ఈ రెండేళ్లలో బాగానే అలవాటైంది.

"ఏమయ్యా, ఎంతసేపు? బస్సు పోతోంది!" అని కస్టమరు బల్ల మీద కొట్టింది.

"పోతే ఇంకో బస్సొస్తుందమ్మా. ఇలాంటి టాకో రాదు."

"అబ్బో, కొట్టు తెరవకముందే పొగరొచ్చేసింది!"

నవ్వుతూనే అర దగ్గరికి వెళ్లాడు. వేయించిన జీలకర్ర పొడి ఎడమ నుంచి ఐదోది. లెక్కపెట్టి ఐదోది తీశాడు. వేలు తడి చేసి నాలిక్కి రాసుకుంటే కొంతైనా తెలిసేది. కానీ కూతురు చూస్తోంది. ముక్కుగారు డబ్బాలు నాకడమా? మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసి, తల పంకించాడు. ఒకటిన్నర చెంచా వేశాడు.

పోయిన ఆదివారం ఆయన నిమ్మకాయలు తేవడానికి వెళ్లినప్పుడు, జిడ్డుగా ఉందని కూతురు ఆ అర దించి తుడిచి, డబ్బాల్ని తోచినట్టు సర్దింది. సర్దానని చెప్పలేదు. ముక్కు ఉన్నవాడికి వరసతో పనేముంది?

పెనం మీంచి పొగ లేచింది. ఆమె చటుక్కున తలెత్తింది. ఆయన అది ఆకలనుకున్నాడు.

మొక్కజొన్న రొట్టెల్ని మడిచి వేయించి, కూర నింపి, ఊరిన ఉల్లిపాయలూ కొత్తిమీరా వేసి, పైన జీడిపప్పు మీగడ గీతలా వేసి ముందు పెట్టాడు. ఆమె ఒక ముక్క కొరికింది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఇవాళ ఆ మొహం ఏమీ చెప్పలేదు.

"నువ్వూ తిను నాన్నా."

తిన్నాడు. ఉప్పు సరిపోయింది. రొట్టె బాగా విరిగింది.

"జీలకర్ర ఎలా ఉంది?"

"ఆ… కొంచెం ముందుకొచ్చింది. కానీ బాగుంది. దానివల్లే కూరకి నిండుతనం వచ్చింది."

ఆమె చేతిలోది నెమ్మదిగా పళ్లెంలో పెట్టింది. "నువ్వు వేసింది దాల్చినచెక్క పొడి."

కుళాయిలోంచి నీటిబొట్లు పడుతున్నాయి. ఆయన వాటిని లెక్కపెట్టాడు. జలుబు చేసిందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"రెండేళ్లు."

"రెండేళ్లా!" ఆమె లేచి నిలబడింది. "మరి ఈ ఐదు వారాలూ? కళ్లజోడు ఇంకెవరికైనా పెట్టి చూద్దామే అంటే దాన్ని కసిరాను నాన్నా. ముక్కుగారు చెప్పాక ఇంకెవరే అన్నాను. రేపు నేను ఉద్యోగం మానేస్తున్నాను, నీకు గుర్తుందా?"

"నీ మొహం చూసి చెప్పాను. నీకు నచ్చిందే నచ్చిందన్నాను."

"నా మొహం నాకు ఇంట్లో అద్దంలో లేదూ? దానికి రెండు బస్సులు మారి ఇక్కడిదాకా రావాలా?"

ఆయన పళ్లెం అంచుని వేలితో సరిచేశాడు. "చెబితే ఇక రావేమోనని."

"నేను నీ ముక్కు కోసం వస్తున్నాననుకున్నావా?"

కాదని తనే వెంటనే అనబోయి, ఆగిపోయింది. అబద్ధం మీద కోపంతో ఉన్న మనిషి మరో అబద్ధం ఆడలేకపోయింది. "మొదట అందుకే వచ్చాను" అంది చిన్నగా. "తర్వాత…" తను తెచ్చిన గిన్నెలు సంచిలో సర్దుకుంది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, వెనక్కి తిరక్కుండా అడిగింది. "చెప్పినవాటిలో నిజమైనవి ఏవి?"

"రాజ్మాదానికి ఉప్పు తక్కువన్నాను, అది నిజం. గుమ్మడికాయది మరీ మెత్తబడిందన్నాను, అదీ నిజం. రొట్టెల గురించి చెప్పినవన్నీ నిజం."

"మిగతావి?"

ఆయన దాల్చినచెక్క డబ్బాకి మూత బిగించాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగిపోయింది. వచ్చే ఆదివారం మాట ఆమె ఎత్తలేదు.

ఆ వారమంతా ఆయన ఆ మాట లేకుండా గడిపాడు. బుధవారం నాడు అర మీది డబ్బాలన్నీ బల్ల మీదికి దించాడు. కాగితం చీటీలుగా కత్తిరించి, జిగురు సీసా, పెన్సిలు పక్కన పెట్టుకున్నాడు. కారప్పొడి నాలుక మీద మండి తన పేరు తనే చెప్పింది. చక్కెర చెప్పింది, ఉప్పు చెప్పింది. మెంతిపొడి చేదుతో దొరికిపోయింది. ఇంకో డబ్బా మీద దాల్చినచెక్క అని రాశాడు. అది కూతురు చెప్పింది. తక్కిన తొమ్మిదీ ఒకే మట్టిరంగు పొడులు, పెదవి విప్పలేదు. వాటి ముందు కూర్చుంటే, కప్పుల బల్లకి అవతలి వైపు ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్ల సంగతి మొదటిసారి అర్థమైంది. వాళ్ల ముందూ ఒకేలాంటి కప్పులే. ఎవరైనా చెబితే తప్ప ఏమీ తెలియని మనుషులు. పాపం, రోజూ అలాగే నిలబడేవారు.

ఆదివారం వచ్చింది. పదకొండింటికి ఒక్కడికే పిండి కలిపాడు. రెండు పళ్లేల మధ్య పెట్టి ఒత్తాడు. మెట్ల మీద ఎవరో ఎక్కి, పై అంతస్తుకి వెళ్లిపోయారు. పెనం దింపేశాడు. పిండి మీద తడిగుడ్డ కప్పి కుర్చీలో కూర్చున్నాడు.

పన్నెండు దాటాక ఫోను మోగింది.

"డాక్టరుకి చెప్పలేదు" అంది కూతురు. పలకరింపు లేదు. "కళ్లజోడుని ఇంకో రెండు వారాలు ఆగమన్నాను. మా వీధివాళ్లందరికీ పెట్టి చూస్తున్నాను. ఒక్కొక్కడూ ఒక్కో మాట. మా ఇంటి ఓనరు పులుపంటాడు, వాళ్లావిడ చప్పనంటుంది. తల వాచిపోతోంది."

"ఊఁ."

"సరే, ఇది విను."

చెవి పక్కనే టాకో కర్రుమని విరిగింది. ఆయన కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

"మళ్లీ" అన్నాడు.

మళ్లీ కొరికింది.

"అర నిమిషం తక్కువ వేగింది. అంచులు సరే, మడత దగ్గర ఇంకా మెత్తగా ఉంది. చేతిలో పట్టుకుంటే కూర బరువుకి అక్కడే చిరుగుతుంది."

అవతల నమలడం ఆగింది. ఆమె మడత దగ్గర చేత్తో నొక్కి చూస్తున్నట్టుంది. "అవును" అంది. ఆ అవునులో కోపం ఇంకా ఉంది. కానీ ఫోను పెట్టేయలేదు. మళ్లీ నమలడం మొదలైంది. ఆ చప్పుడు, ఎదురు కుర్చీలో ఎవరో కూర్చుని తింటున్నంత దగ్గరగా ఉంది. ఆయన ఫోనుని చెవికి ఇంకా గట్టిగా ఆనించాడు. కుర్చీ ఖాళీగానే ఉంది.

"ఇందులో ఏం వేశానో చెప్పు" అంది.

కొంటెగా అడిగిందో, పరీక్షగా అడిగిందో గొంతునిబట్టి పోల్చుకోలేకపోయాడు. చూడటానికి మొహం లేదు. బల్ల మీద తొమ్మిది డబ్బాలు, తొమ్మిది ఖాళీ చీటీలు ఉన్నాయి.

"తెలీదమ్మా" అన్నాడు.