మంచులో ఎలుగుబంటి గొంతు

డిసెంబరు నెలలో కొండమీది వినోదవనానికి వెళ్తానని ల్యూబింక అన్నప్పుడు తపాలా ఆఫీసులో అందరూ ఆమెకి ఒళ్ళు వెచ్చబడిందేమోనన్నట్టు చూశారు. ఆ ఊరివాళ్ళు అక్కడికి జూలైలో వెళ్తారు. చంకలో ఒక పిల్ల, వేలు పట్టుకుని ఒక పిల్లాడు, చేతిలో కాల్చిన మొక్కజొన్న కంకి. అక్టోబరులో రంగులరాట్నానికి టార్పాలిన్ కప్పి, కొండెక్కించే తీగ కుర్చీలు ఆపేసి, గేటుకి గొలుసు వేశారంటే మళ్ళీ మే నెల దాకా ఆ పైన నక్కలదే రాజ్యం.

"అక్కడేముందే ఇప్పుడు?" అంది పక్క కౌంటరులోని విదొసావ. "మంచు చూడాలనుంటే మా వాకిట్లోకి రా. పార కూడా నేనే ఇస్తాను. ఎంత కావాలంటే అంత ఎత్తుకుపో."

ల్యూబింకకి కావలసింది నిశ్శబ్దం. అది చెబితే ఇంకా నవ్వుతారని ఊరుకుంది.

ఆ వనంలో గుహ రైలు అని ఒకటుంది. పాత గనిలో పట్టాలు వేసి నడుపుతారు. మూడో మలుపులో చీకట్లోంచి ఒక ఎలుగుబంటి లేచి, "నా గుహలో కాలు పెట్టింది ఎవర్రా?" అని గర్జిస్తుంది. ఆ గొంతు ల్యూబింక నాన్న ఒబ్రాద్‌ది. వనం కట్టిన కొత్తలో అక్కడ మెకానిక్కు. నలభై నాలుగేళ్ళ కిందట ఇంట్లో వంటగదిలో కూచుని టేపులోకి అరిచాడట. ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ని 'ఎలుగు ఒబ్రాద్' అనే తలుచుకుంటారు. ల్యూబింకకి మూడేళ్ళప్పుడు ఆయన లారీ కొండ మలుపులో లోయలోకి పోయింది. ఆయనవి అయిదు ఫొటోలు మిగిలాయి. గొంతు మాత్రం ఆ ఎలుగుబంటి దగ్గరే ఉంది.

ఆ రైలు ఆమె ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. కానీ ఎలుగుబంటి నోరు తెరవగానే పిల్లలందరూ ఒక్కసారి కెవ్వుమంటారు. ఆ కేకల్లో నాన్న మాట "నా గు..." దగ్గరే మునిగిపోతుంది. పైగా వనం కాపలాదారు గ్వోజ్దెన్ ఒకసారి పింఛను తీసుకోవడానికొచ్చి, మాటల్లో మాటగా ఒక సంగతి అన్నాడు. "గర్జన అయిపోయాక కూడా టేపులో ఏదో ఉందమ్మాయ్. గుసగుసలాగా. రైలు అప్పటికే మలుపు దాటిపోతుంది, ఎవరూ వినరు. నాకూ సరిగ్గా అర్థం కాలేదు, మోటారు రొద."

అంతే, ఆ మాట చెవిలో జోరీగలా చేరింది. గర్జించాక నాన్న ఏమన్నాడు? ఎవరితో అన్నాడు? తిట్టాడా, పాడాడా, దగ్గాడా? చిల్లర లెక్కపెడుతున్నా అదే, సూపు కలుపుతున్నా అదే. ఇంతలో పిడుగులాంటి కబురు తెలిసింది. వనాన్ని కొన్న కొత్త యజమానులు వసంతంలో ఎలుగుబంటిని మార్చేస్తున్నారట. కొత్త బొచ్చు, కొత్త గొంతు. అంటే ఈ చలికాలం దాటితే ఇక లేదు.

గ్వోజ్దెన్‌కి ఫోను చేసింది.

"మూసేశాం. మేలో రా," అన్నాడు.

"మేలో మా నాన్న ఉండడండీ."

"చూడమ్మాయ్, ఎవర్నీ లోపలికి రానివ్వద్దని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. బస్సు ఆగే హోటలు దగ్గర్నుంచి దారంతా నడుముల్లోతు మంచు. నువ్వు పడితే వసంతంలోగానీ దొరకవు. పెట్టేస్తున్నా."

ల్యూబింక గోడ మీది చర్చి క్యాలెండరు ముందు నిలబడి ఆలోచించింది. పందొమ్మిదో తేదీ ఎర్రగా ఉంది. సెయింట్ నికొలా రోజు. ఊళ్ళో సగం ఇళ్ళకి ఇంటి దేవుడు ఆయనే. గ్వోజ్దెన్ ఇంటికి కూడా. ఆయన కాపురముండేది గేటు లోపలే.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఇంటి దేవుడి పండక్కి ఎవరినీ పిలవరు, గుర్తుపెట్టుకున్నవాళ్ళు వస్తారు. వచ్చినవాణ్ణి, వాడు ఎవడైనా సరే, గుమ్మం నుంచి తిప్పి పంపిన మనిషి ఆ కొండల్లో ఇంతవరకూ పుట్టలేదు. అతిథులు వస్తారు కాబట్టి గ్వోజ్దెన్ తన ట్రాక్టరుతో దారి తనే చేస్తాడు. గొలుసు తనే తీస్తాడు. ఇక కావలసింది కరెంటు, దానికి ఆయన్నే బతిమాలాలి. ఒక తెల్ల కాగితం మీద బస్సు వేళలు, బూట్లు, ఊతకర్ర, కానుకగా ఒక వైను సీసా, అరకిలో కాఫీ గింజలు అని రాసుకుని, ఇంత తెలివి ఎక్కడిదా అని తనకి తనే ముచ్చటపడింది.

వాళ్ళమ్మ స్తమేన మాత్రం మూతి ముడుచుకుంది. డెబ్భై దాటిన మనిషి, మాట మాత్రం ముల్లు.

"ఎలుగుబంటి అరుపు వినడానికి కొండెక్కాలా? మీ పోస్టుమాస్టరు దగ్గర కూచుంటే సరిపోదూ?"

"నాన్న గొంతమ్మా అది."

"చచ్చిన మనిషిని ఎందుకే కెలుకుతావ్? ఏం దొరుకుతుంది నీకు? వద్దన్నానా, వద్దు."

ఆ మంకుపట్టు ఎందుకో ల్యూబింకకి అర్థం కాలేదు. ఏడుస్తుందేమోననుకుని మళ్ళీ ఎత్తలేదు. తీరా పందొమ్మిదో తేదీ పొద్దున లేచేసరికి ముసలావిడ బూట్లు తొడుక్కుని, తలకి రుమాలు కట్టుకుని తలుపు దగ్గర కూచునుంది. "నువ్వొక్కదానివే వెళ్ళి అక్కడ ఏం వింటావో ఏమో. పద," అంది.

దారి ల్యూబింక ఊహించినట్టే ఉంది. రెండు పక్కలా మంచు గోడలు, మధ్యలో ట్రాక్టరు చేసిన సందు. రంగులరాట్నం గుర్రాల చెవులు మాత్రం టార్పాలిన్ కింద పొడుచుకు వచ్చాయి. గ్వోజ్దెన్ గుమ్మంలో వాళ్ళని చూసి ఒక్క క్షణం కళ్ళు చికిలించాడు. వెంటనే విషయం అర్థమై, "అమ్మ దొంగా!" అని నవ్వి, ఆనవాయితీ ప్రకారం చెంపల మీద మూడేసి ముద్దులతో ఇద్దరినీ లోపలికి తీసుకెళ్ళాడు.

లోపల పన్నెండుమంది దాకా ఉన్నారు. కొవ్వొత్తి వెలుగుతోంది. ఒక్కొక్కరూ శిలువ గుర్తు చేసుకుని చెంచాడు తీపి గోధుమలు నోట్లో వేసుకున్నారు. మాంసం ముట్టని ఉపవాసాల రోజులు కాబట్టి చేపలు, బీన్సు, క్యాబేజీ పొట్లాలు. గ్వోజ్దెన్ భార్య రద్మీల తినమని ప్రాణం తీసింది. రెండో గ్లాసు అయ్యాక ల్యూబింక ధైర్యం చేసి అడిగేసింది.

గ్వోజ్దెన్ మొహం వాడిపోయింది. "కాదనలేనమ్మా, ఇవాళ అసలే అనలేను. కానీ నేను గడప దాటకూడదు కదా! అతిథులుండగా ఇంటాయన కూర్చోడానికే వీల్లేదు, వాళ్ళని వదిలేసి ఎక్కడికి పోను? వీళ్ళు చీకటి పడేదాకా వస్తూనే ఉంటారు. ఆ కరెంటు మీట నాకు తప్ప ఇంకొకరికి చేతకాదు."

ల్యూబింక బూట్ల దగ్గర్నుంచి అన్నీ ఆలోచించింది, చిన్నప్పట్నుంచి చూస్తున్న ఈ సంగతి మాత్రం తట్టలేదు. కాగితం మీద ముచ్చటపడ్డ తెలివి ఇప్పుడు ఎక్కిరించింది. ఏడుపు వచ్చేసింది.

పొయ్యి పక్కన కూచున్న ఒక తెల్లమీసాల ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఒరే గ్వోజ్దెన్, నువ్వు అతిథుల్ని వదలకూడదు, అంతేనా? అతిథులే నీ వెంట వస్తే?"

"కొవ్వొత్తి నేను చూసుకుంటా, వెళ్ళండి," అంది రద్మీల. "కొత్తవాళ్ళు వస్తే కూర్చోబెడతా. కూర చల్లారకముందే రండి."

కోట్లు తొడుక్కుని, సీసాలు పట్టుకుని, అందరూ మంచులో వరుసగా నడిచారు. తెల్లమీసాలాయన పాట కూడా ఎత్తుకున్నాడు. ల్యూబింక వెతుక్కుంటూ వచ్చిన నిశ్శబ్దం ఇదేనా! స్తమేన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది.

గుహలో గ్వోజ్దెన్ దీపాలు వేశాడు. మూడో మలుపులో ఎలుగుబంటి చిన్నగా, చిమ్మటలు కొట్టి, ఒక కన్ను లేకుండా ఉంది. "రైలు మోటారు కట్టేశా. ఇక ఎవరూ నోరెత్తకండి," అని మీట నొక్కాడు. అందరూ టోపీలు తీశారు.

"నా గుహలో కాలు పెట్టింది ఎవర్రా!"

రాళ్ళు అదిరాయి. పిల్లల కేకలు లేకుండా మొదటిసారి విన్న ఆ గర్జన ల్యూబింకకి బాగా తెలిసినదే. పాలు పొంగిపోయినప్పుడు, బడికి ఆలస్యమైనప్పుడు, ప్రతి రోజూ విన్నదే. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"నేనే," అంది స్తమేన. చెంపలు ఎర్రబడ్డాయి. "ఆయన గొంతు మేకపిల్ల గొంతు. నాలుగుసార్లు అరిచాడు, నాలుగుసార్లూ నవ్వొచ్చింది. రొట్టె పిండి చేతుల్తో వచ్చి ఇలా అరవాలయ్యా అని చూపించా. వనంవాళ్ళకి అదే ఇచ్చేశాడు. ఊరంతా ఎలుగు ఒబ్రాద్ అంటుంటే మురిసిపోయేవాడే, నేనెలా చెప్పను? నీకు మాత్రం ఎలా చెప్పను?"

నాన్న గొంతు ఇక్కడ కూడా లేదన్నమాట. ల్యూబింక అక్కడే పట్టాల మీద కూచుంది.

"ష్," అన్నాడు గ్వోజ్దెన్. "ఇంకా ఉంది."

టేపులో గరగరమంది. ఏదో పళ్ళెం చప్పుడు. ఒక పడుచు పిల్ల ఆపుకోలేక నవ్వుతున్న నవ్వు. ఆ నవ్వు మీదుగా, సన్నగా, కంగారుగా, ఒక మగ గొంతు:

"బాగుంది స్తమేనా, బాగుంది. మెల్లిగా నవ్వవే, పిల్ల లేస్తుంది."

స్తమేన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. తన గర్జన ఉందని తెలుసుగానీ, ఇది ఉందని ఆవిడకీ తెలియదు.

"మళ్ళీ," అంది ల్యూబింక. గ్వోజ్దెన్ మళ్ళీ వేశాడు. "మళ్ళీ," అంది. మూడోసారి తెల్లమీసాలాయన గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"లేచానా అమ్మా?" అని అడిగింది ల్యూబింక.

"లేవకేం చేస్తావ్? కొంప ఎగిరేట్టు ఏడ్చావు," అంది స్తమేన, కళ్ళు తుడుచుకోకుండానే. "ఆయనే నిన్ను భుజాన వేసుకుని, ఆ మేకపిల్ల గొంతుతోనే ఏదో పాడుతూ పొయ్యి చుట్టూ తిరిగాడు. సాయంత్రం దాకా పాడాడు. అప్పటికి టేపు ఆపేశాం."