పిల్లల గదికి పనికిరానన్నారు

నా చంటిదాన్ని నా చేతుల్లోంచి లాగేసుకుంటారేమోనని నాకు భయం. అంతకు మించిన భయం లేదు.

మా బట్టల కంపెనీలో, కుట్టేవాళ్ళ పిల్లల్ని ఉంచే గది ఒకటుంది. అందులో ఆయా పని ఖాళీ అయిందంటే అడిగాను. నా బిడ్డ కూడా కళ్ళముందే ఉంటుందని ఆశ. ముందు మనసు పరీక్ష అన్నారు. పరీక్షల పీడ నాకు ఎనిమిదో తరగతితోనే వదిలిందనుకున్నాను. పరీక్ష మేడమ్ మంచినీళ్ళిచ్చి, తలుపేసి, "తప్పూ ఒప్పూ ఏం లేవమ్మా. నువ్వు చెప్పింది ఈ గది దాటదు" అంది.

తర్వాత, "బిడ్డకేదైనా అవుతుందన్న ఆలోచనలొస్తాయా?" అని అడిగింది.

ఉన్నదున్నట్టు చెప్పాను. కాన్పయిన కొత్తలో మెట్లు దిగుతుంటే బిడ్డ జారిపోతున్నట్టు కళ్ళకు కట్టేదని, అందుకే ఒక్కో మెట్టూ కూర్చుని దిగేదాన్నని. ఆవిడ తలూపింది. ఇన్నాళ్ళకి ఒక మనిషి విన్నదని పొంగిపోయాను, పిచ్చిదాన్ని.

మర్నాడు మేనేజరు, తలుపు బార్లా తెరిచిపెట్టి, "పిల్లల్ని పడేసే ఆలోచనలున్నదానికి పిల్లల్నెలా అప్పగిస్తాం?" అన్నాడు. టీ తెచ్చినావిడ విన్నది. అన్నాల వేళకి ప్యాకింగులో ఉండే మా ఆయన అక్క చెవిన పడింది.

మేడమ్‌ని నిలదీశాను. "గది దాటదన్నారు కదండీ!"

"కంపెనీకి చెప్పడం నా డ్యూటీ. నన్ను పెట్టుకున్నది వాళ్ళు."

"ఆ ముక్క నేను నోరు తెరవకముందే చెప్పాలి కదా!"

"అరవకమ్మా. ఇది కూడా చెప్పాల్సొస్తుంది."

ఇంటికెళ్ళేసరికి బిడ్డ వదిన ఒళ్ళో ఉంది. "నువ్వు గిన్నెలు తోముకో తల్లీ. స్నానం నేను పోస్తాలే."

"నేనెప్పుడైనా పడేశానా వదినా?"

"పడేసేముందు చెప్పి పడేస్తావా ఏంటి?"

మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "అక్క మంచికే చెప్తోంది" అన్నాడు. పడిపోకూడదని మెట్టుమెట్టుకీ కూలబడి దిగినదాన్ని నేను! ఇప్పుడు నా బిడ్డని నేనెత్తుకుంటే వెనకాల ఒక మనిషి కాపలా.

నా పక్క మిషను మీద బొత్తాలు కుట్టే పిల్ల ఈమధ్యే ప్రసవించింది. అందరం బొత్తాల పిల్ల అంటాం. కంపెనీ నర్సు వాళ్ళింటికెళ్ళి అవే ప్రశ్నలడిగిందట. ఆ పిల్లే నాకు ఫోన్‌లో గుసగుసగా చెప్పింది.

"అన్నిటికీ లేదనే చెప్పానక్కా. నీకేం జరిగిందో చూశాను కదా."

"మరి నిజంగా ఎలా ఉన్నావే?"

"బాబునెత్తుకుని పొయ్యి దగ్గరికెళ్ళాలంటే వణుకొస్తోంది. నిద్ర లేదు. ఎవరితోనూ అనకక్కా" అని పెట్టేసింది. మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

వాళ్ళింటికెళ్ళాను. వాళ్ళత్త గుమ్మంలో చేయి అడ్డం పెట్టి, "పసివాడున్న ఇల్లు, నువ్వు రాకు" అంది. లోపల వాడు ఏడుస్తున్నాడు. ఊరుకోబెట్టే గొంతు ఒక్కటీ లేదు.

అనొద్దన్నదాన్ని అంటున్నాను, తెలుసు. నన్నెలాగూ రానివ్వరు. మీరు వెళ్ళండి. కంపెనీ వెనక సందు, పిండిమర మీద వాటా. బాగానే ఉన్నానంటుంది. నమ్మి వచ్చేయకండి. కాసేపు ఆ పిల్ల పక్కన కూర్చోండి.