గులాబీ రంగు నీళ్ళు

బిడ్డ పోయిన రోజు పొద్దున్న నేను దండెం తుడుస్తున్నాను. మేముండే రిసాలి కాలనీలో తడిబట్ట ఆరేయాలంటే ముందు తీగ తుడవాలి, లేకపోతే చీర మీద ఎర్రటి గీత పడుతుంది. ఉక్కు ప్లాంటు వైపు నుంచి ఎర్రదుమ్ము గాలి వీచిన రోజు వాకిట్లో ముగ్గు కూడా మధ్యాహ్నానికి రంగు మారిపోతుంది. తుడిచిన గుడ్డ పిండుతుంటే నడుములో నొప్పి మొదలైంది. ఐదో నెల. సాయంత్రానికి ఆసుపత్రిలో అంతా అయిపోయింది. మగపిల్లాడని నర్సు చెప్పింది, నేను అడగలేదు. ఇంటికి వచ్చేసరికి, పొద్దున్న ఆ నొప్పితోనే ఆరేసిన బట్టలు ఇంకా దండెం మీదే ఉన్నాయి. దుమ్ము పట్టాయి కాబట్టి మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. నేనే ఉతికాను.

ఆసుపత్రి నుంచి పంపించేముందు డాక్టరమ్మ మణిమాల తలుపు దగ్గరకు వేసి, లోపల దేనితోనైనా కడుక్కుంటారా అని అడిగింది. లాల్ దవాతో అన్నాను.

లాల్ దవా మా అత్తయ్య గున్నమ్మ నమ్మకం. వాళ్ళ ఊళ్ళో నూతిలో వేసే మందు అది, పొటాషియం పర్మాంగనేట్. చిటికెడు వేస్తే నీళ్ళు గులాబీ రంగులోకి తిరుగుతాయి. మావయ్య అప్పలసూరి ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసినన్నాళ్ళూ ఆయన ఒంటి మసీ, బనియన్ల మసీ ఆవిడే వదిలించింది. కడిగితే పోనిది ఏదీ లేదని ఆవిడకు గట్టి నమ్మకం. పెళ్ళయిన కొత్తలో విడిచిన బట్టలు వేరు చేస్తూ నా లంగా మీద మరక చూసింది. అందరి ముందే, "ఏటమ్మా, తెల్లబట్టా? లోపల సుబ్బరం లేకపోతే బిడ్డ నిలవదు," అంది. మర్నాటి నుంచి స్నానాలగదిలో గులాబీ రంగు నీళ్ళ మగ్గు, పక్కన ఆ నీళ్ళు లోపలికి చిమ్ముకోవడానికి ఒక రబ్బరు బుడ్డి. మగ్గు అంచున గోధుమరంగు మచ్చ పడి, ఇక పోలేదు. మా ఆయన త్రినాథరావుతో మంటగా ఉందని చెప్పాను. "అమ్మ చెప్పింది చెయ్యి. మనిషి దగ్గరకొస్తే ఆడది శుభ్రంగా ఉండాలి కదా," అన్నాడు. ఆయన నైట్ షిఫ్టు నుంచి చెవుల్లో మసితో వస్తాడు. ఆయన తల తుడిచిన తువ్వాలు ఉతికేది నేనే. దాన్ని చూసి ఎవరూ ఏమీ అనుకోరు.

డాక్టరమ్మ చెప్పినదంతా నాకు గుర్తుంది, ఎందుకంటే క్లాసులో చెప్పినట్టే చెప్పింది. గర్భసంచి నోటి దగ్గర చిక్కటి జిగురు తయారవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు అది బిరడాలా గట్టిపడి దారి మూసేస్తుంది. ఆ జిగురులో ప్రతిరక్షకాలు ఉంటాయి, పైకి రాబోయే క్రిములను అక్కడే పట్టి ఆపుతాయి. దానికి కింద మంచి క్రిములు కొన్ని కాపురముండి ఆ చోటును పుల్లగా ఉంచుతాయి. ఆ పులుపులో చెడ్డవి బతకవు. మామూలుగా కనిపించే తెల్లబట్ట రోగం కాదు, ఒళ్ళు తనను తాను కాచుకుంటున్న గుర్తు. "మీరు రోజూ కాపలావాళ్ళను కడిగేశారు. దానివల్లే పోయిందని నేను చెప్పలేను. ఇన్ఫెక్షన్ పైకి ఎక్కిందని మాత్రం చెప్పగలను," అంది.

ఇంట్లో ఎవరూ నన్ను డాక్టరమ్మ ఏమందని అడగలేదు. మళ్ళీ ఎన్నాళ్ళు ఆగాలట అని మాత్రం మా ఆయన అడిగాడు. చూడటానికి వచ్చిన పక్క క్వార్టరు వాళ్ళతో అత్తయ్య, "సరిగ్గా కడుక్కోనేదు. సదువుకున్నోల్లకి మన మాటేటి పడతాది," అంది. నేను వాళ్ళకు టీ ఇచ్చి గ్లాసులు తీసుకెళ్ళాను.

సెలవు అయ్యాక, నేను సైన్సు చెప్పే బడికి వెళ్ళాను. స్టాఫ్‌రూములో పరబ్రహ్మం మాస్టారు, పని చేసుకుంటూ ఉంటే మరిచిపోతారమ్మా అని నా సెలవు రోజుల పేపర్ల కట్ట కూడా నా బల్ల మీదే పెట్టారు. తొమ్మిదో తరగతికి శరీర రక్షణ పాఠం. ఏళ్ళుగా చెబుతున్నదే. కన్నీళ్ళు, ముక్కులో చీమిడి, గొంతులో కఫం, పొట్టలో ఆమ్లం. పుస్తకం పొట్ట దగ్గర ఆగిపోతుంది. చీమిడిని కాపలా అని పిల్లల చేత వల్లె వేయించాను. అదే జిగురు నా ఒంట్లో ఇంకోచోట ఉంటే దాని పేరు మురికి. ఈ ఆలోచన వచ్చాక నేను కూర్చోలేకపోయాను. ఇంట్లో సర్దిన డబ్బాలే సర్దాను. తుడిచిన తీగే తుడిచాను. నిద్ర పట్టినా చేతులు ఏదో పిండుతున్నట్టే ఉండేవి.

అప్పుడు మరిది చినబాబు భార్య భాగ్యరేఖకు నెల తప్పింది. చరోదా రైల్వే కాలనీలో పుట్టిన పిల్ల. తెలుగు మాట్లాడుతూ మధ్యలో హిందీలోకి వెళ్ళిపోతుంది. ఒకరోజు బడికి బయల్దేరుతుంటే స్నానాలగది తలుపు కొంచెం తీసి పిలిచింది. చేతిలో ఆ మగ్గే.

"దీదీ, నిన్న చాలా మండింది. అమ్మాజీ రోజూ చెయ్యమంటోంది. ఆప్ భీ కర్తీ థీ క్యా?"

"చేశాను."

ఆ పిల్ల నా ముఖం చూసింది. తర్వాత మగ్గులోకి చూసింది.

"పారబొయ్యి," అన్నాను. డాక్టరమ్మ నాకు చెప్పినదంతా ఆ గడపలో నిలబడే చెప్పాను. బస్సు పోయింది. మంచి క్రిముల మాట దగ్గర ఆ పిల్లకు నవ్వొచ్చింది. "లోపల కూడా క్వార్టర్లు అలాట్ చేశారా దీదీ," అంది. బిడ్డ పోయాక నేను నవ్వడం అదే మొదలు. అమ్మాజీ అడిగితే ఏం చెప్పాలంది. ప్రస్తుతానికి కడుక్కోవడం అయిందని చెప్పమన్నాను. ఆ వారం తొమ్మిదో తరగతి బోర్డు మీద మనిషి బొమ్మ వేసి, పొట్ట దగ్గర ఆపకుండా కిందికి గీశాను. వెనక బెంచీలో మగపిల్లలు దగ్గారు. ముందు బెంచీలో ఆడపిల్లలు రాసుకున్నారు.

అత్తయ్యకు కూడా చెప్పాలనే అనుకున్నాను. అబద్ధం ఎన్నాళ్ళో నిలవదు. పైగా అలా అబద్ధమాడమనడం నాకు నచ్చలేదు. నేను వాక్యాలు కూర్చుకుంటుండగా ఒక సాయంత్రం ఆవిడే వచ్చి నా పక్కన కూర్చుంది. నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. పళ్ళెం తన వైపు లాక్కుంది.

"నాకూ పోనారమ్మా. పెద్దోడికీ సినబాబుకీ మద్దిలో ఇద్దరు. ఎవులికీ సెప్పనేదు. ఇంకా బాగా కడుక్కుంటే నిలిచీవోరేమో అని ఇప్పటికీ అనిపిస్తాది. నువ్వు నాలాగ కుమిలిపోకు."

ఆవిడ గోళ్ళ అంచుల్లో గోధుమరంగు ఉంది. ఆవిడ మగ్గు కలపడం నేను రోజూ చూశాను. తన కోసం కూడా కలుపుకున్న రోజులు ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదు. నోటి దాకా వచ్చిన వాక్యం అక్కడే ఆగిపోయింది. అది చెబితే భాగ్యరేఖ బిడ్డకు కాపలా అవుతుంది. ఈవిడకు మాత్రం, వాళ్ళను నువ్వే కడిగేశావేమో అని చెప్పినట్టవుతుంది. గింజలన్నీ తీయడం అయ్యేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

భాగ్యరేఖకు ఇప్పుడు ఏడో నెల. అత్తయ్య రోజూ పొద్దున్నే మగ్గు కలిపి పెడుతుంది. భాగ్యరేఖ రోజూ తూములో పోసేస్తుంది. తూము చుట్టూ సిమెంటు గోధుమరంగుకు తిరిగింది. అత్తయ్య అది కూడా తోముతోంది.

నేను ఆవిడకు ఇంకా చెప్పలేదు.