తూము రాయి దగ్గర ఫొటో

వాలుగ చేప మొప్పల్లోకి వేళ్లు దూర్చి, మట్టయ్య దాన్ని ఇసుక మీదికి ఈడ్చాడు. అది తోకతో మోకాలి మీద కొట్టింది. మళ్లీ కొట్టబోతే రాయి తీసుకుని తల మీద ఒక్కటిచ్చాడు. ఆగలేదు, ఇంకొకటిచ్చాడు. నోట్లోంచి గాలం పీకుతుంటే దాని పళ్లు బొటనవేలిని చీల్చాయి. ఇద్దరి రక్తమూ కలిసి ఇసుకలోకి ఇంకింది. మట్టయ్య నోరారా నవ్వుకున్నాడు. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట ఎన్ని ఆదివారాలు ఎండకు మాడితే ఇది దొరికింది!

మిగతా వారమంతా అతను మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీ. బస్తాకు ఇనుప కొక్కెం గుచ్చడం, వీపు మీదికి లాక్కోవడం, లారీకెత్తి వచ్చి మళ్లీ గుచ్చడం. భుజాలు కాయలు కాచాయి. ఎప్పుడో పక్కవాడి కొక్కెం తప్పి తగిలి ఎడమ చెవి సగం తెగిపోయింది. ఆ చెవి సంగతి ఎవరూ అడగరు. అడిగేదంతా చేపల గురించే.

తోటి హమాలీ లక్ష్మణ్ అతని చైనా ఫోన్ లాక్కుని మిల్లంతా తిప్పి చూపించేవాడు. ఎంత చేపైనా ఆ ఫోన్‌లో వేలెడంత పరక చేపలాగే పడేది. "గిది సాపనా, అగ్గిపుల్లనా?" అనేవాడు. అందరూ కలిసి పరక మట్టయ్య అని పేరు పెట్టారు. మేస్త్రీ కూడా అదే పేరుతో పిలిచేవాడు. ఒకరోజు పెళ్లాం నాగమణి నోటా ఆ మాట జారింది. ఆ పూట మట్టయ్య అన్నం ముట్టలేదు.

చివరికి రీచార్జి షాపు సరిత జాలిపడి చెప్పింది. "ఎండ నీ ఎనక ఉండాలె, సాప ముంగట ఉండాలె. బురద కడుగు, ఫోన్ అద్దం తుడువు. పక్కన కొలత తెలిసేదేమన్న పెట్టు బాబాయ్, లేకుంటే ఎవడు నమ్ముతడు?"

ఇప్పుడీ ఏటి ఒడ్డున ఇసుక తప్ప ఏముంది? దారిలో ఉన్న చెరువు గుర్తొచ్చింది. అక్కడి తూము రాయి మీద నీళ్లెంత ఉన్నాయో తెలిసేలా అడుగుల గీతలు, అంకెలు రాసి ఉంటాయి. సర్కారు గీసిన గీతల్ని లక్ష్మణ్ కాదనలేడు గదా! ఆ చెరువును కాంట్రాక్టర్ వేలంలో పాడుకున్నాడనీ, కట్ట మీద కాపలా ఉందనీ మట్టయ్యకు తెలుసు. చేప తనదైనప్పుడు భయమెందుకనుకున్నాడు, పిచ్చి మనిషి.

చెరువు చేరి, నడుముకు దోపుకున్న మిల్లు కొక్కేన్ని రాతి మీది మేకుకు తగిలించి, దానికి వాలుగను వేలాడదీశాడు. కడిగాడు. సూర్యుడికి వీపు పెట్టి తీశాడు. తల నాలుగో అంకె మీద, తోక నీళ్లలో. అచ్చం ఉన్నదున్నట్టే పడింది. వెంటనే నాగమణికి ఫోన్ చేశాడు.

"మసాలా నూరిపెట్టు. పక్కింటోళ్ల పెద్దగిన్నె అడుగు."

"పరకలకు పెద్దగిన్నె ఎందుకు?"

"వచ్చినంక సూద్దువు."

వెనక నుంచి కర్ర మోకాలి మీద పడింది. కాపలాదారు ప్రవీణ్, వాడితో ఇంకొకడు. రాత్రి ఎవరో వల వేసి చెరువు ఊడ్చుకుపోతే, పొద్దున కాంట్రాక్టర్ నలుగురిలో ప్రవీణ్ చెంప పగలగొట్టాడు. వేళ్ల అచ్చులు ఇంకా మాయలేదు.

"అన్నా, ఇది ఏటి సాప. వాలుగ. చెరువుల ఎవలన్న వాలుగను ఏస్తరా? సాప పిల్లలన్నిటిని మింగుతది."

"నాకెరుకే" అన్నాడు ప్రవీణ్, కర్ర మళ్లీ ఎత్తుతూ.

పక్కటెముకలు విరిగిన చప్పుడు మట్టయ్యకే వినిపించింది. పడిపోతే కాళ్లతో తన్నారు. కడుపులో, మెడ మీద, తెగిన చెవి మీద. ఫోన్ గుంజుకుని చెరువులోకి విసిరారు. మట్టయ్య గట్టిగా ఏడ్చింది అప్పుడే.

"సాపను పట్టుకొని నిలబడు. దొంగ దొరికిండని సారుకు ఫొటో పంపాలె" అన్నాడు ప్రవీణ్.

లేచాడు. కొక్కెం నుంచి వాలుగను దించి పట్టుకున్నాడు. ప్రవీణ్ ఎండకు ఎదురుగా నిలబడి ఫోన్ ఎత్తాడు.

"అట్ల తీస్తే నల్లగ వస్తది" అన్నాడు మట్టయ్య, చీలిన పెదవులతో. "గిటు రా."

ప్రవీణ్ ఇటు వచ్చాడు. మట్టయ్య ఎండవైపు తిరిగి, చేపను రెండు చేతులా ముందుకు చాచాడు. ఫొటో బాగా వచ్చింది.

తర్వాత అతను రాతికి చేరగిలబడ్డాడు, మిల్లులో లోడు ముగిశాక కూర్చున్నట్టే. జర నీళ్లు అన్నాడు. ప్రవీణ్ దోసిలితో తెచ్చేసరికి కళ్లు చెరువు వైపే తెరిచి ఉన్నాయి. రెప్ప పడలేదు.

వాళ్లు చేపను తీసుకుని బండెక్కి పారిపోయారు. ఆ ఫొటో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి, సాయంత్రానికి మిర్యాలగూడ మిల్లుకు చేరింది. లక్ష్మణ్ దాన్ని చాలాసేపు చూశాడు. చేప చిన్నదని అనలేదు.

తూము రాతికి కొక్కెం వేలాడుతూనే ఉంది. దాని కింద, నాలుగో అంకె నుంచి నీళ్ల దాకా, వాలుగ జిగురు ఎండి మెరుస్తోంది.