ఇరవై ఒకటి దాటని బోర్డు

డెబ్భై ఆరులో వన్ టౌన్‌లోని మా చర్చి హాల్లో ఉన్నది ఒకే ఒక్క టేబుల్ టెన్నిస్ బల్ల. బ్యాటు పట్టుకుని వంతు కోసం నిలబడేవాళ్లు డజను మంది. అందుకే మా దగ్గర ఇరవై-ఇరవై అయితే ఇంకొక్క పాయింటు, అంతే. ఓడినవాడు నోరు మూసుకుని బల్ల వదలాలి. రెండు పాయింట్ల తేడా రావాలన్న రూలు పుస్తకాల్లో ఉంటే ఉండనీ, మాకెందుకు?

స్కోరు చెప్పేది జక్కయ్యగారు. "పదహారూ... పధ్నాలుగూ... సర్వీస్ ఛేంజ్!" అని ఆయన రాగం తీస్తే కాలవ అవతలికి వినబడేది. ఆ ఏడు ఆయన గొంతుకి ఆపరేషనయింది. మనిషి దక్కారు, మాట దక్కలేదు. ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవారు.

క్రిస్మస్ టోర్నమెంటు దగ్గరపడింది. "మాట్లాడలేని మనిషి అంపైరేంటండీ? గుంటూరు నుంచి ఇంకొకర్ని పిలిపిస్తా" అన్నారు క్లబ్బు సెక్రటరీ రామకోటేశ్వరరావు గారు. జక్కయ్యగారు తల దించుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఆయన మీట నొక్కితే స్కోరు వెలిగే బోర్డు నేను చేసిస్తా, చూడండి" అనేశాను.

"సరే. మధ్యలో ఆగిందా, ఆయన కుర్చీ దిగాల్సిందే."

నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి. మిత్రుడు అంతోనిది టెలిఫోన్ల పని. నొక్కినప్పుడల్లా ఒక మెట్టు ముందుకు జరిగే పాత స్విచ్చీలు రెండు పాతసామాన్ల కొట్లో దొరికాయి. ప్లైవుడ్ పెట్టె, టార్చి బల్బులు, ఏ అంకెకి ఏ బల్బులు వెలగాలో తేల్చడానికి గుప్పెడు డయోడ్లు. నెల రోజులు వేళ్లు కాల్చుకున్నాం. స్విచ్చీకి పాతిక మెట్లున్నా ఇరవై ఒకటి దాకానే తీగలు కలిపాం. ఆట అక్కడితో సరి కదా!

ఫైనల్ దాకా బోర్డు బంగారంలా పనిచేసింది. ఫైనల్లో మావాడికీ, ఏలూరు నుంచి ఆడ్డానికొచ్చిన కుర్రాడికీ ఇరవై-ఇరవై. మావాడు ఒక పాయింటు కొట్టగానే మేం ఎగిరి గంతేశాం. ఏలూరు కుర్రాడు మాత్రం బ్యాటు దించలేదు.

"అప్పుడే అవలేదండీ. రెండు తేడా రావాలిగా!"

అంతోని నా మొహం చూశాడు. పైఊరివాడు పుస్తకంలో రూలు అడిగితే కాదనలేక ఆట సాగించాం. ఇరవై ఒకటి-ఇరవై ఒకటి అయింది. తరవాతి పాయింటుకి జక్కయ్యగారు మీట నొక్కారు. మావాడి వైపు అంకెలన్నీ ఆరిపోయాయి. మళ్లీ నొక్కబోయి ఆగి, సెక్రటరీ వైపు చూసి, కుర్చీలోంచి లేచారు. మా తెలివికి మమ్మల్నే చెప్పుతో కొట్టాలనిపించింది.

అప్పుడు గుమ్మం దగ్గర వేరుశెనక్కాయలమ్మే బుల్లెమ్మ గొంతెత్తింది. ఆవిడకి ఆట తెలీదు, పదేళ్లుగా ఆయన కేకలు విన్నదంతే.

"ఇరవై రెండూ... ఇరవై ఒకటీ!"

అచ్చం ఆయన రాగమే. హాలు ఘొల్లుమంది. "కూర్చోండి జక్కయ్యగారూ!" అని కేకలు. ఆయన కూర్చుని పాయింటు ఎవరిదో వేలితో చూపించారు. ప్రతి పాయింటుకీ హాలంతా ఆ రాగంతోనే అరిచింది. సెక్రటరీ కూడా అరిచారు. నాకు ఏడుపు ఆగలేదు. గెలిచింది ఏలూరు కుర్రాడే, ఇరవై ఆరు-ఇరవై నాలుగు. ఎవరికీ బాధ లేదు.

మర్నాడు మిగతా తీగలు కలుపుదామని స్క్రూడ్రైవరు తీశాను. జక్కయ్యగారు నా చెయ్యి పట్టుకుని, పలక మీద రాసి చూపించారు.

"వద్దురా. ఇరవై ఒకటి దాకా అది చెప్పుద్ది. ఆపైన మీకు నోళ్లు లేవా?"